గంటలో గడ్డి

జెనెట్ డన్‌వుడీని పూడ్చిపెట్టి ఇంటికొచ్చాక మా కోడలు అడిగింది, మీ ఇద్దరికీ పడదు కదా, మరి అంతసేపు ఎందుకు ఏడ్చారు అని. ఈ లోయలో పుట్టినవాళ్ళకి తెలిసింది అంతే. కొండ దాటి వచ్చిన మొదటి రెండిళ్ళలో ఒక ఇల్లాలు జెనెట్, రెండో ఇల్లాలు రేచల్, అంటే నేను. ఇద్దరికీ పడకపోవడానికి కారణం రేచల్‌ది చెడ్డ నోరు, చెడ్డ కన్ను. నోటి సంగతి నేను కాదనను. కంటి సంగతి చెప్పాలంటే జెనెట్ కథంతా చెప్పాలి.

జెనెట్ నాకంటే రెండేళ్ళు చిన్నది. కొండకి అవతల, వర్జీనియాలో మేమున్నప్పుడు మా రెండిళ్ళకీ మధ్య ఒక అవిసె చేను అడ్డం, అంతే. వాళ్ళ నాన్న నేతగాడు. ఐర్లండు నుంచి ఓడెక్కినప్పుడు బట్టల మూట వదిలేసి మగ్గం చెక్కలు కట్టకట్టి తెచ్చుకున్నాడని చెప్పుకునేవాళ్ళు. జెనెట్ వడికిన అవిసె దారం ఎక్కడా ముడి లేకుండా వచ్చేది. మనిషి కూడా అంతే, నోట్లో నాలుక లేదు. ఎవరైనా గొంతు పెంచితే తప్పు తనదేనేమో అనుకునేది. నిప్పు మీద బూడిద కప్పానా, తలుపు గడియ పెట్టానా అని సగం దారి నుంచి వెనక్కి వెళ్ళి చూసుకొచ్చేది. దాన్ని పట్టుకుని నేను ఎంత ఏడిపించేదాన్నో.

ఆమె కూతురు టిబ్బీ పుట్టినప్పుడు జెనెట్‌కి బాలింత జ్వరం వచ్చి పాలు ఎండిపోయాయి. అప్పటికి నా చిన్నవాడు చంటిపిల్లాడు. ఒక పక్క వాణ్ణి, ఇంకో పక్క టిబ్బీని వేసుకుని ఆ చలికాలమంతా పాలిచ్చాను. టిబ్బీ ఆత్రగత్తె, మావాడి పాలు కూడా తనే లాగేసేది. లేచి తిరిగే ఓపిక వచ్చాక జెనెట్ నా చేతులు పట్టుకుని, "రేచలక్కా, ఇది సగం నీ బిడ్డే" అంది. ఆ మాట నేను మరిచిపోలేదు. తర్వాత ఎన్ని జరిగినా మరిచిపోలేదు.

కొండ దాటి పడమటికి పోదామన్నది మగవాళ్ళు. అక్కడ చెట్టు మీద గొడ్డలిగాటు పెట్టినవాడిదే నేల అని ఎవరో వేటగాడు చెప్పాడు. ఆ కొండల వెంబడి ఒక సరిహద్దు గీత గీసి, దాన్ని దాటి ఎవరూ పోకూడదని రాజుగారు ఆజ్ఞ వేశారు. రాజుగారు సముద్రానికి అవతల కూర్చుని గీసిన గీత కొండకి ఎలా తెలుస్తుందని జెనెట్ మొగుడు ఆర్చీ నవ్వాడు. అది అక్కడి ఆదివాసులు చెరోకీల వేట నేల అని మాకందరికీ తెలుసు. వాళ్ళ పెరట్లోకి మేం జొరబడుతూ, వాళ్ళు మమ్మల్ని చంపుతారేమోనని మళ్ళీ మేమే భయపడ్డాం. నాకు వెళ్ళాలనే ఉంది, అబద్ధమెందుకు. జెనెట్‌కి లేదు. ఆమెని ఎవరూ అడగలేదు.

బండ్లు పోయే దారి కాదది. సామానంతా గుర్రాల మీదే. ఒక గుర్రానికి అటొక బుట్ట, ఇటొక బుట్ట కట్టి, ఒకదాంట్లో టిబ్బీని, ఇంకోదాంట్లో నా చిన్నవాణ్ణి కూర్చోబెట్టాం, బరువు సరిపోవాలి కదా. టిబ్బీ వైపు బుట్ట ఎప్పుడూ కిందికే వంగేది. మావాడి బుట్టలో ఒక రాయి వేయాల్సి వచ్చింది. వెనక రెండు ఆవులు. నాది నెల్, జెనెట్‌ది బ్రాకీ, మొహం మీద తెల్లమచ్చలున్నది. పిల్లలకి పాలుంటే అడవిలోనైనా బతుకుతారని ఆడవాళ్ళం మేం పట్టుబట్టి తోలుకొచ్చిన ఆవులవి. రెండింటి మెడల్లోనూ ఇనుప గంటలు. రాత్రి మేతకి వదిలితే తెల్లారి వాటిని వెతికి పట్టుకోవడానికి ఆ చప్పుడొక్కటే ఆధారం. మా గంటల చప్పుడు మా పిల్లల గొంతులంత బాగా తెలుసు మాకు.

కొండల మధ్య ఒక ఇరుకు దారి ఉంది. అంతకు ముందు వసంతంలో అక్కడ ఒక కుటుంబాన్ని మొత్తం చంపేశారు. వాళ్ళ కుండ పెంకులు ఇంకా పొదల్లో కనబడుతూనే ఉన్నాయి. మాకు దారి చూపిస్తున్న వేటగాడు ముందురోజే చెప్పాడు, గంటల్లో గడ్డి కుక్కండి, పిల్లల నోళ్ళు కనిపెట్టుకోండి అని. గంట నాలుక కదలకుండా పచ్చగడ్డి ముద్ద కూరితే చప్పుడు రాదు. ఆ పొద్దున నా పెద్దపిల్ల జ్వరంతో నా వీపు మీద ఉంది. నెల్ గంటలో కూడా నేనే కుక్కుతాలే అక్కా, నువ్వు పిల్లని చూసుకో అంది జెనెట్. కుక్కింది. ఆ రోజంతా మేం ఊపిరి బిగబట్టుకుని నడిచాం. పొద్దు వాలేసరికి ఇరుకు దాటాం. ఇక తీసేయొచ్చు అన్నాడు వేటగాడు. జెనెట్ తన బ్రాకీ గంటలోంచి గడ్డి లాగేసింది. అంతలో టిబ్బీ బుట్టలోంచి జారి కిందపడి ఏడిస్తే అటు పరుగెత్తింది.

తెల్లారేసరికి పొగమంచు. చెయ్యి చాస్తే వేళ్ళు కనబడడం లేదు. వెదురు పొదల్లోంచి బ్రాకీ గంట వినిపిస్తోంది. నెల్ గంట వినిపించడం లేదు. నేను చెవులు రిక్కించి నిలబడ్డాను. నా పక్కన నిలబడ్డ జెనెట్ మొహం పాలిపోవడం చూశాకే నాకు అర్థమైంది. మధ్యాహ్నం దాకా పిలుచుకుంటూ తిరిగాం, గట్టిగా పిలవాలన్నా భయమే. వేటగాడు ఇక ఆగనన్నాడు. చప్పుడు లేని గంట వేసుకుని నా ఆవు ఆ అడవిలో ఎటు పోయిందో, ఏ తోడేలు నోట్లో పడిందో నాకిప్పటికీ తెలియదు.

నేను జెనెట్‌ని ఏమేం అన్నానో ఇప్పుడు చెప్పను. అక్కడున్న మగవాళ్ళే తలలు దించుకున్నారు. ఆమె ఒక్క మాట కూడా తిరిగి అనలేదు. అంటే నా కడుపుమంట కాస్త చల్లారేదేమో.

నోలిచకీ నది ఒడ్డున రెండు దుంగల ఇళ్ళు లేచాయి, వాళ్ళదొకటి, మాదొకటి, మధ్య కేకేస్తే వినబడేంత దూరం. ఇద్దరి మధ్యా పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేది అంటారు చూడండి, మా విషయంలో మంటకి మూలం కూడా పచ్చగడ్డే. ప్రతి పొద్దునా జెనెట్ ఒక ముంత నిండా పాలు పంపేది. నేను ప్రతి పొద్దునా తిప్పి పంపేదాన్ని. ఒకసారి ఆమె మొగుడే తెచ్చాడు. మీ ఆవిడ కుక్కిన ఆ గడ్డి ఉంది చూడు, అది తెచ్చిపెట్టు, నేనే మేస్తాను, ఈ పాలు మాత్రం నాకొద్దు అన్నాను. నా మొగుడు గావిన్ అలాంటివి విన్నప్పుడల్లా గొడ్డలి తీసుకుని చెట్టు నరకడానికి పోయేవాడు. నా పుణ్యమా అని మా చేను తొందరగా చదునైంది. నా పిల్లలు మొక్కజొన్న జావ తాగి, ఎలుగు కొవ్వు పూసిన రొట్టె తిని పెరిగారు. నా చిన్నవాడు వెళ్ళి వాళ్ళింటి గుమ్మంలో టిబ్బీ మూతికంటిన పాలమీగడ చూస్తూ నిలబడితే చెవి మెలిపెట్టి తీసుకొచ్చేదాన్ని.

రెండో ఏడు వానలు పడలేదు. నది పక్క గడ్డంతా మాడిపోయింది. మా గుర్రం డొక్కలు ఎండిపోయాయి. బ్రాకీ మాత్రం రోజూ కొండ పక్క నీడ లోయలోకి వెళ్ళి, పొద్దు వాలేసరికి పొదుగు నిండా పాలతో వచ్చేది. ఆ లోయలో ఎండ పడదు. అక్కడ మోకాలెత్తు మొక్కలు గుబురుగా ఉండి, గుత్తులు గుత్తులుగా తెల్లపూలు పూసేవి. నేలంతా ఎండుతుంటే నా ఆవు మాత్రం తెలివైనది, చల్లటి చోటు వెతుక్కుంది అని జెనెట్ మురిసిపోయిందట. ఆమె దేనికైనా మురిసిపోవడం ఆ ఏడాదిలో అదే అనుకుంటాను.

ముందు దూడ పోయింది. నాలుగు కాళ్ళూ వణికి, కొట్టం గోడకి ఆనుకుని నిలబడి, కూలిపోయింది. తర్వాత హ్యూ, వాళ్ళ పెద్దవాడు, టిబ్బీ అన్న. చేలో పని చేస్తూ చేస్తూ కూర్చుండిపోయాడు. కాళ్ళు రావడం లేదమ్మా అన్నాడట. తిన్నది ఇమడదు. గొంతెండిపోయేంత దాహం. ఊపిరి అదోలాంటి కుళ్ళిన పళ్ళ వాసన. తల్లి ఏం చేస్తుంది? జావ ఇమడని పిల్లాడికి పాలైనా ఇముడుతాయని గోరువెచ్చగా చేసి చెంచాతో పట్టింది. వాడు ఎంత నీరసపడితే అంత ఎక్కువ పట్టింది. తన వంతు పాలు మానేసి వాడికే పట్టింది. హ్యూ చచ్చిపోయాడు. వాణ్ణి పూడ్చేటప్పుడు నేను వెళ్ళాను, దూరంగా నిలబడ్డాను. జెనెట్ నావైపు చూసింది. నేను దగ్గరికి వెళ్ళలేదు.

ఆ తర్వాత ఆర్చీ మంచమెక్కాడు. ఆ తర్వాత టిబ్బీ.

ఆర్చీ తల్లి లిలియస్ అవ్వ వాళ్ళతోనే ఉండేది. దిష్టి తియ్యడం, దారం కట్టడం, కాన్పులు చెయ్యడం అన్నీ ఆమె పనే. పళ్ళు లేవు, చూపు సరిగా ఆనదు, నోరు మాత్రం నాకు సరిజోడు. పాలు తాగితే కడుపుబ్బరమని సారాలో నీళ్ళు కలుపుకుని అందులో రొట్టె నానబెట్టుకుని తినేది. జెనెట్ కాక ఆ ఇంట్లో మంచమెక్కనిది ఆ ముసలామె ఒక్కతే అని అప్పుడు ఎవరూ గమనించలేదు. ఆమె గమనించింది వేరే. రెండిళ్ళున్న చోట ఒక ఇంట్లో దూడ పోయింది, పిల్లాడు పోయాడు, ఇంకో ఇంట్లో ఒక్కరికీ తుమ్ము కూడా రాలేదు. పైగా ఆ ఇంటి ఆడది మొదటి రోజు నుంచీ ఈ పాల మీద కన్నేసి, కళ్ళల్లో నిప్పులు పోసుకుంటోంది. ఆవుకి దిష్టి తగిలింది అని తేల్చేసింది. బ్రాకీ తోకకి ఎర్రదారం కట్టింది. పాలలో కాల్చిన ఇనుము ముంచింది. ఏమీ జరగలేదు.

ఒక మధ్యాహ్నం కర్ర పొడుచుకుంటూ మా ఇంటికొచ్చింది. నేను కొట్లాటకి సిద్ధంగా లేచాను. ఆమె గుమ్మంలోనే కూలబడింది.

"నేను నిన్ను తిట్టడానికి రాలేదు అమ్మాయ్," అంది. "కన్ను పెట్టినవాళ్ళే ఆ ఆవు మీద చెయ్యేసి దేవుడు చల్లగా చూడాలనాలి. ఆ పాలు తాగాలి. పిల్ల లేచేదాకా రోజూ సాయంత్రం తాగాలి. మా దేశంలో అయితే అలాగే చేసేవాళ్ళం. నువ్వు పెట్టావో లేదో నేనడగను. వచ్చి తాగు, చాలు."

వెళితే దిష్టి పెట్టానని ఒప్పుకున్నట్టే. వెళ్ళకపోయినా పెట్టినట్టే. నాకు ఒళ్ళు మండిపోయింది, నిజం. కానీ టిబ్బీ నా పాలు తాగిన పిల్ల. అది ఆత్రంగా లాగేటప్పుడు నా గుండె మీద పెట్టుకునే చిన్న పిడికిలి గుర్తొచ్చింది. శాలువా కప్పుకుని ఆమె వెంట నడిచాను.

కొట్టంలో బ్రాకీ మీద చెయ్యేసి, దేవుడు ఈ ఆవుని, దీని పాలు తాగే పిల్లల్ని చల్లగా చూడాలి అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను. జెనెట్ నిండు గిన్నె అందించింది. రెండేళ్ళ తర్వాత తాగిన పాలు. ఎంత తియ్యగా ఉన్నాయో చెప్పలేను. గిన్నె ఖాళీ చేసి ఇవ్వగానే జెనెట్ నన్ను కావలించుకుని ఏడ్చింది. గడ్డి సంగతి ఏదో చెప్పబోయింది. ఊరుకోవే పిచ్చిదానా అన్నాను. టిబ్బీ మంచం పక్కన ఇద్దరం కూర్చున్నాం. అది నన్ను చూసి నవ్వింది కూడా. ఆ కాసేపట్లో మళ్ళీ మనుషులమయ్యాం మేము. అలా రోజూ సాయంత్రం వెళ్ళి ఒక గిన్నె తాగి వచ్చేదాన్ని. నా పిల్లలకి తీసుకెళ్ళలేదు. మిగిలిన ప్రతి చుక్కా టిబ్బీకి కావాలి కదా.

ఒకరోజు వాళ్ళింటి మెట్టెక్కుతుంటే నా కాళ్ళు వణికాయి. మర్నాటికి మంచం దిగలేకపోయాను. తిన్నది బయటికొచ్చేసింది. నాలుక మొద్దులా వాచింది. గావిన్ నీళ్ళు పడుతున్నాడు, పిల్లలు చుట్టూ నిలబడి చూస్తున్నారు. అందరూ నిక్షేపంలా ఉన్నారు. నేను వాళ్ళ మొహాలు చూస్తూ పడుకున్నాను. ఒకే కుండలో నీళ్ళు తాగాం, ఒకే జావ తిన్నాం, ఒకే గాలి పీల్చాం. వీళ్ళలో లేనిది నాలో ఏముంది అనుకున్నాను. అప్పుడు గుర్తొచ్చింది, పాలు. ముసలమ్మకి ఎందుకు రాలేదో కూడా గుర్తొచ్చింది. దూడ దేన్ని తాగి వణికిందో గుర్తొచ్చింది. 

గావిన్‌ని పరుగెత్తించాను. పాలు ఆపమను, పిల్లకి ఒక్క చుక్క కూడా పట్టొద్దని చెప్పు, ఉత్త నీళ్ళు, జావ పొయ్యమను అన్నాను. అతను వెళ్ళి ముఖం వేలాడేసుకుని వచ్చాడు. వాళ్ళింట్లో పండగలా ఉందట. దిష్టి పెట్టినవాళ్ళే పడిపోయారంటే మందు పనిచేస్తోందన్నమాట, ఇక పిల్ల లేచి కూర్చుంటుంది అని లిలియస్ అవ్వ ఆర్చీకి చెబుతోందట. నా మాట చెప్పగానే, దాని దిష్టి పట్టు వదిలిపోతోంది కాబట్టే పాలు ఆపమని కేకలేస్తోంది అందట. ఇంకో గిన్నె ఎక్కువే పట్టండి అందట.

నన్ను గుర్రం మీద వేసి తీసుకెళ్ళమన్నాను. గావిన్ వద్దన్నాడు, వినలేదు. మూటలా కట్టి తీసుకెళ్ళాడు. జెనెట్ గుమ్మంలోకి వచ్చింది. చేతిలో గిన్నె ఉంది, దాని మీద ఆవిరి లేస్తోంది. నేను మాట్లాడాలని చూశాను. వాచిన నాలుక తిరగదు. పాలు అన్న మాట కూడా సరిగా రాలేదు. నా జీవితంలో నా నోరు అవసరమైన రోజు అదొక్కటే. ఆ రోజే అది నాకు లేకుండా పోయింది.

"దానికి పట్టొద్దు," అన్నాను ఎలాగో. "హ్యూని చంపింది కూడా అదే."

అలా అనకుండా ఉండాల్సింది. జెనెట్ మొహంలో అప్పటిదాకా ఉన్న జాలి పోయింది.

"రెండేళ్ళు నా పాలు నీ గుమ్మం తొక్కనివ్వలేదు," అంది. ఆమె గొంతు అంత గట్టిగా ఉండడం నేనెప్పుడూ వినలేదు. "ఇప్పుడు నా బిడ్డ గొంతు దిగనివ్వవా? నా బిడ్డని నా చేత్తో నేనే చంపుకున్నాననా అక్కా నువ్వనేది? వెళ్ళు. ఇంటికెళ్ళి పడుకో."

తలుపు మూసేసింది. లోపల గడియ పడింది. గావిన్ తలుపు బాదాడు. లోపల్నుంచి ఆర్చీ, అంత నీరసంలోనూ, తుపాకీ ఉంది జాగ్రత్త అన్నాడు. ఏం చెయ్యగలడు గావిన్? అవతలిది వాళ్ళిల్లు, వాళ్ళ బిడ్డ. ఆ కొండల్లో ఫిర్యాదు చెయ్యడానికి న్యాయాధికారీ లేడు, అడగడానికి వైద్యుడూ లేడు. ఉన్నా ఆ వైద్యుడు కూడా పాలు పట్టమనే చెప్పేవాడు.

మర్నాడు గావిన్ తుపాకీ తీసుకుని నీడ లోయలోకి వెళ్ళాడు, ఆవు కనబడితే కాల్చి పారేస్తానని. ఏమైనా అనుకోనీ, పాలు ఆగితే చాలు అన్నాడు. ఆ నోరులేని మనిషి అంతటి పనికి తెగించాడని నాకు ఇప్పటికీ గర్వమే. పొద్దంతా తిరిగాడు. గంట చప్పుడు వినబడలేదు. చీకటిపడేలోపు చేతులూపుకుంటూ వచ్చి నా మంచం పక్కన కూర్చున్నాడు. నాకు అర్థమైంది. మాకు దొరక్కుండా జెనెట్ గంటలో గడ్డి కుక్కింది. ఈసారి మరుపుతో కాదు, కావాలనే.

మా ఇంటికి వాళ్ళిల్లు కేకేస్తే వినబడుతుంది. అందుకే టిబ్బీ ఎప్పుడు పోయిందో ఎవరూ వచ్చి చెప్పనక్కర్లేకపోయింది. నేను మంచం మీద పడుకుని జెనెట్ ఏడుపు విన్నాను. తెలిసీ ఏమీ చెయ్యలేకపోవడం ఎలా ఉంటుందో దేవుడు ఎవరికీ చూపించకూడదు.

నేను బతికాను. ఎందుకో నాకు తెలియదు, తాగింది తక్కువ కాబోలు. ఆర్చీ కూడా లేచాడు. ఈ దిక్కుమాలిన చోట ఇక ఉండనని, కొండ దాటి వెనక్కి పోదామని మూటలు కట్టాడు. బ్రాకీని కూడా తోలుకెళ్ళారు. మొదటి ఎత్తు సగం ఎక్కేసరికి ఆవు ఆగిపోయింది. నాలుగు కాళ్ళూ వణకడం మొదలుపెట్టాయి. ఆర్చీ కర్రతో కొట్టాడట. ఆవు మోకాళ్ళ మీద పడి, లేవలేక, నోరు తెరిచి రొప్పిందట. ఆ ఊపిరి వాసన జెనెట్‌కి తెలుసు. రెండు మంచాల పక్కన కూర్చుని పీల్చిన వాసన అది. ఆవు అక్కడే చచ్చింది. వాళ్ళు వెనక్కి తిరిగొచ్చారు.

ఆ సాయంత్రమే జెనెట్ మా ఇంటికొచ్చింది. నేను గోడకి జారబడి కూర్చుని ఉన్నాను, నాలుక అప్పటికి కాస్త తిరుగుతోంది. ఆమె చేతిలో బ్రాకీ గంట ఉంది. దాని నోట్లో గడ్డి అలాగే ఉంది, ఎండిపోయి. కూర్చోమంటే కూర్చోలేదు.

"ఒక్క మాట చెప్పు," అంది. "నువ్వు పాలు ఆపమన్నది నా మీద కోపంతో కదా. నెల్ పోయిందన్న కడుపుమంటతో అన్నావు కదా. అంతే కదా."

ఆమె కళ్ళల్లోకి చూశాను. అందులో నిద్ర లేదు, కన్నీళ్ళు లేవు. ఔనన్న మాట కోసం నా కాళ్ళ మీద పడడమొక్కటే తక్కువ. నిజం చెబితే హ్యూకి పట్టిన ప్రతి చెంచా, టిబ్బీకి పట్టిన ప్రతి గిన్నె ఆమె చావు దాకా లెక్కపెట్టుకుంటుంది. అది నాకు తెలుసు. వేసిన గడియని కూడా సగం దారి నుంచి వెనక్కి వచ్చి చూసుకునే మనిషి అది.

"ఔను," అన్నాను. "కోపంతోనే అన్నాను. పాలకేమీ లేదు."

 ఆమె గంట పట్టుకుని వెళ్ళిపోయింది. గావిన్ ఆ రాత్రి నా చెయ్యి పట్టుకున్నాడు.

ఆనాటి నుంచి నాకు మంత్రగత్తె పేరు స్థిరపడిపోయింది. లిలియస్ అవ్వ ఉన్నన్నాళ్ళూ కొత్తగా వచ్చిన ప్రతి ఇంటికీ ఆ కథ మోసింది. జెనెట్ ఆ మాట ఎప్పుడూ అనలేదు, కాదనీ అనలేదు. ఎదురుపడితే తల దించుకుని పోయేది. లోయలోకి ఇళ్ళొచ్చాయి, ఆవులొచ్చాయి. వచ్చినవాళ్ళందరికీ నేను జెనెట్ చెవిన పడకుండా చెబుతూనే ఉన్నాను, ఎండ కాలాల్లో ఆ నీడ లోయలోకి ఆవుల్ని పోనివ్వొద్దు అని. ఏ ఆకో ఏ నీళ్ళో నాకు తెలియదు, ఇప్పటికీ తెలియదు. కొందరు విని కంచె వేశారు. కొందరు ముసిముసిగా నవ్వి, నా కన్ను పడకుండా పాలచెంబు మీద గుడ్డ కప్పారు.

నాలుగేళ్ళకి జెనెట్‌కి మళ్ళీ ఒక పాప పుట్టింది. ఆ పాప గోడ పట్టుకుని నిలబడే వయసులో, ఒక పొద్దున నేను గుమ్మం ముందు మొక్కజొన్నలు దంచుతుంటే నీడ పడింది. చూస్తే జెనెట్. పాపని చంకనేసుకుని, గుమ్మానికి అవతలే నిలబడింది. నేను రోకలి ఆపాను. ఆమె నావైపు చూడలేదు, రోట్లోకి చూస్తోంది.

"రేచలక్కా," అంది.

ఆ పిలుపు విని ఎన్నేళ్ళైందో. 

"నీ పిల్లలకి పాలు మాన్పించాక ఏం పట్టావు?"

వాళ్ళింటికి అటూ ఇటూ ఆవులున్న ఇళ్ళే. అడిగితే ముంత నిండా పోసేవాళ్ళే. పాలకేమీ లేదని ఈ నోటితోనే నేను ఒట్టేసినట్టు చెప్పాను. అది అబద్ధమని ఆ రోజు వింటూనే ఆమెకి తెలుసు. తెలిసే ఆ అబద్ధాన్ని తీసుకెళ్ళింది. అన్నేళ్ళూ ఆమె నా మొహం చూడలేకపోయింది కోపంతో కాదు.

"మొక్కజొన్న జావ," అన్నాను.

"పలచగానా?"

"మొదట్లో పలచగా. పిండిని బట్టలో జల్లించి కాచు. పొట్టు పడితే పిల్లకి కడుపునొప్పి వస్తుంది."

ఆమె తలూపింది. నేను లోపలికెళ్ళి పొయ్యి మీద ఇంకా వెచ్చగా ఉన్న కుండ తెచ్చి మెట్టు మీద పెట్టాను. ఆమె కూర్చుంది. వేలితో కాస్త తీసి, ముందు తన నాలుక మీద పెట్టుకుని చూసి, అప్పుడు పాప నోట్లో పెట్టింది. పాప మొహం చిట్లించి, మళ్ళీ నోరు తెరిచింది.